సర్ సి.వి. రామన్ – కొంచెం వెలుగు



మన దర్శి సాగర్ కాలువ నీళ్ళు దోసిట్లో పడితే వాటికి రంగు ఉండదు. మరి సముద్రం నీలంగా ఎందుకు కనపడుద్ది? ఈ ప్రశ్నను వదలకుండా పట్టుకున్న మహానుభావుడు సర్ చంద్రశేఖర వెంకట రామన్ గారు.

ఆయన 1888 నవంబరు 7న తిరుచిరాపల్లిలో జన్మించారు. తండ్రిగారికి విశాఖపట్నం ఏ.వి.ఎన్. కాలేజీలో ఉద్యోగం. అందువల్ల రామన్ గారి చిన్నతనం విశాఖలో గడిచింది. 11 ఏళ్ళకే మెట్రిక్ పాసయ్యారు. పై చదువుకు ఇంగ్లండు పోదామంటే, ఆ చలికి ఆయన ఆరోగ్యం తట్టుకోదని డాక్టరు చెప్పారు. 1907లో కలకత్తాలో ప్రభుత్వ లెక్కల ఆఫీసులో చేరారు. ఆఫీసుకు ముందూ, తర్వాతా ప్రయోగశాలకు పోయి పని చేసేవారు. 1917లో పెద్ద జీతం వదులుకొని, తక్కువ జీతానికి ప్రొఫెసర్ అయ్యారు.

1921లో ఓడ మీద తిరిగి వస్తా సముద్రాన్ని పరీక్షగా చూశారు. ఆకాశం రంగు నీళ్ళలో కనపడుతుంది కాబట్టి సముద్రం నీలమని అప్పటిదాకా అనుకునేవారు. నీటి అణువులే వెలుగును చెదరగొడుతున్నాయని ఆయన తేల్చారు. తర్వాత ఒకే రంగు వెలుగును ద్రవాలలోకి పంపించి చూశారు. చాలా వెలుగు అదే రంగులో వచ్చింది. బహు కొంచెం మాత్రం రంగు మారి వచ్చింది. ఏ పదార్థానికి ఆ మార్పు వేరు. 1928 ఫిబ్రవరి 28న శిష్యుడు కె.ఎస్. కృష్ణన్ గారితో కలిసి దీన్ని కనిపెట్టారు. 1930లో నోబెల్ బహుమతి వచ్చింది. 1970 నవంబరు 21న మరణించారు.

ఆయన పోయినా పని ఆగలేదు. రంగు మారిన వెలుగు చాలా తక్కువ కాబట్టి పట్టుకోవడం కష్టం. 1974లో ఇంగ్లండులో గరుకు చేసిన వెండి మీద అది బలంగా కనపడింది. వెండి వల్లనే పెరుగుతున్నదని 1977లో గుర్తించారు. సన్నటి వెండి, బంగారు నలుసుల పక్కన వెలుగు గుమికూడుద్ది. కొన్ని నానోమీటర్లు ఎడం జరిగితే చాలు, తగ్గిపోద్ది. అందుకని వెలుగు ఎంత ఉందో కొలిచి, అణువు లోహానికి ఎంత దూరంలో ఉందో లెక్క కట్టొచ్చు. మన స్కేలు మీద ఒక మిల్లీమీటరును పది లక్షల ముక్కలు చేస్తే ఒక ముక్క నానోమీటరు. అంత చిన్న దూరానికి వెలుగే స్కేలు!

క్లాసులో ప్రశ్న అడిగితే నవ్వుతారని మనం నోరు మూసుకొని కూర్చుంటాము. నీళ్ళకు రంగెందుకని అడిగినాయన కనిపెట్టిన రోజునే, ఫిబ్రవరి 28న, దేశమంతా సైన్సు దినం జరుపుకుంటున్నాము. రేపటి నుంచి నేను చెయ్యి ఎత్తుతాను. మీరు కూడా ఎత్తండి.

– 9వ తరగతి విద్యార్థిని