మహారాజకుమారుని పులులు

2022వ సంవత్సరమున వానకాలపు తొలినాళ్లలో ఒక పెద్దపులి కాకినాడ జిల్లా ప్రత్తిపాడు ప్రాంతమున పశువులను చంపి, అటనుండి అనకాపల్లి జిల్లా కోటవురట్ల మండలములోనికి వచ్చినది. పల్లెవాసులు భయముతో రాత్రులు గడపిరి. అటవీశాఖవారు బోనులు పెట్టిరి, అడుగుజాడలు వెదకిరి. తుపాకి మాత్రము ప్రేలలేదు. కొలది వారములకు విజయనగరము జిల్లాలోను పులిజాడలు కనబడినవి. ఆ ఊరిపేరు వినగానే పూసపాటివారి వంశమున పుట్టిన ఒక ప్రసిద్ధ వేటగాడు జ్ఞప్తికి రాక మానడు.

ఆయన విజయానంద గజపతిరాజు. లోకము వారిని విజ్జీ యని పిలిచినది. 1905 డిసెంబరు 28న విజయనగర ప్రభువులకు ద్వితీయ పుత్రుడుగా జన్మించిరి. సంస్థానము అన్నగారిది కాగా, తమ్ముడు కాశీలోని కుటుంబపు ఆస్తికి తరలి, అచట క్రికెట్ మైదానమును నిర్మించి, సొంత జట్టును పోషించిరి. 1936లో ఇంగ్లండులో భారత జట్టుకు నాయకత్వము వహించి, మూడు టెస్టులలో 33 పరుగులు మాత్రమే చేసిరి. ఆ అపకీర్తి నేటికిని వారిని వీడలేదు. ఆ యేటనే పొందిన సర్ బిరుదమును 1947లో త్యజించిరి. అటుపిమ్మట క్రికెట్ బోర్డునకు అధ్యక్షులైరి; విశాఖపట్టణము నుండి లోక్‌సభకు ఎన్నికైరి.

మైదానమున దక్కని ఘనతను అడవి వారికి ఇచ్చినది. మూడువందలకు పైగా పులులను కూల్చినట్లు ప్రసిద్ధి. రేడియోలో ఆట వ్యాఖ్యానము చేయుచు ఈ వేటముచ్చటలే చెప్పెడివారట. ఒక విదేశీ ఆటగాడు అది విని, ఆ పులులు తుపాకికి గాక ఈ వ్యాఖ్యానమునకే విసిగి చచ్చియుండునని పరిహసించెనని ఒక కథ కలదు.

వేట నాటి ప్రభువులకు తప్పుగాదు, మర్యాద. జింకల వేటకై చీతాలను పెంచుటయు అట్టిదే. విజయనగర ప్రభువులకును అట్టి చీతాలుండెను. బందీగానున్న చీతా పిల్లలను పెట్టుట మిక్కిలి అరుదు గనుక, అడవినుండి పట్టి తెచ్చుటయే మార్గమయ్యెను. తుపాకియు తోడై, మైదానములు సాగులోనికి రాగా, 1952 నాటికి ఆ జాతి మనదేశమున నశించినదని ప్రకటించిరి.

పులికిని అదే గతి పట్టనున్నదని తెలియుటకు కొంత ఆలస్యమైనది. విజ్జీ 1965 డిసెంబరు 2న కాశీలో గతించిరి. 1970లో పులివేట నిషిద్ధమైనది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. ఆ యేటి గణనలో దేశమంతట తేలిన పులులు 1,827 మాత్రమే. పాఠకులు ఒక్కసారి లెక్క చూడుడు: ఒక్క మనిషి చంపినవని చెప్పుకొనిన పులులు, ఆనాడు దేశమున మిగిలిన వానిలో ఆరవవంతు.

విజ్జీ ఒక్కరినే నిందించుట న్యాయముగాదు. అంతకు మించి చంపిన ప్రభువులును కలరు. వారికి చప్పట్లు కొట్టిన సభ్యసమాజమును కలదు. అయినను 33 పరుగులకై వారిని నేటికిని ఎగతాళి చేయు మనము, మూడువందల పులుల సంగతి ముచ్చటగా చెప్పుకొనుట విచిత్రము. కోటవురట్ల పొలముగట్లపై పశువులు పోవునను భయముతోనే పులిని పోనిచ్చిన రైతులు, ఏ బిరుదమును లేకయే, ఆ లెక్కను కొంత సరిదిద్దిరి.