యాపిల్ గింజల జానీ

లంచ్ బాక్సులో మిగిలిన యాపిల్ గింజను ఎప్పుడైనా కుండీలో వేశారా? మొలకైతే రావచ్చు, కానీ ఆ పండే మళ్లీ రాదు. గింజ నుంచి పెరిగిన ప్రతి చెట్టుదీ వేరే రుచి, ఎక్కువగా పులుపే. అందుకే తోటల్లో అంటు కడతారు.

1774లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో పుట్టిన జాన్ చాప్‌మన్ మాత్రం అంటు కట్టనన్నాడు. కొమ్మ కోస్తే చెట్టును హింసించినట్టేనని ఆయన నమ్మకం. పెన్సిల్వేనియాలో యాపిల్ రసం తీసే గానుగల దగ్గర పిప్పిలోంచి గింజలు ఏరుకుని, ఒహాయో, ఇండియానాల దాకా వెళ్లి నాటాడు.

కథల పుస్తకాల్లో ఆయన దారిపొడవునా గింజలు చల్లుకుంటూ పోతాడు. నిజానికి నదుల పక్కన నారుమళ్లు వేసి, కంచె కట్టి, మళ్లీ మళ్లీ వచ్చి చూసుకునేవాడు. మొక్కలను కొద్ది సెంట్లకు అమ్మేవాడు. డబ్బు లేనివాళ్లు పాత బట్టలిచ్చినా సరే.

అంత పుల్లటి కాయలు ఎవరికంటారా? అడవి కొట్టి కొత్తగా స్థిరపడుతున్న రైతులకు. తినడానికి కాదు, పులియబెట్టి సైడర్ చేసుకోవడానికి. పిల్లల పుస్తకాల్లో ఈ ముక్క ఉండదు లెండి!

చాలాసార్లు చెప్పుల్లేకుండానే తిరిగిన ఆ మనిషి 1845లో ఫోర్ట్ వేన్ దగ్గర కన్నుమూసేనాటికి ఆయన పేరున వెయ్యి ఎకరాలకు పైగా భూమి ఉంది. పెళ్లి చేసుకోలేదు.

అన్నట్టు, మనం కొనే రెడ్ డెలీషియస్‌కు మూలం కూడా అంటుమొక్క కాదు. అయోవాలో ఓ రైతు తోటలో గింజ నుంచి తనంతట మొలిచిన చెట్టే.