కథలతో ఇంటింటికీ చేరిన కేసరి

మనమందరం చదువు కోసం ఊరు వదిలి వచ్చినవాళ్లమే. సీతారామపురం చుట్టుపక్కల మెట్ట పల్లెల నుంచి రేకు పెట్టె పట్టుకుని హాస్టలుకు వచ్చిన మొదటి రాత్రిని ఎవరమూ మరచిపోలేము. అలాగే చదువు కోసం చిన్నతనంలోనే ఊరు వదిలి, తరువాత గొప్ప వ్యాపారి, దాత అయిన డాక్టర్ కె.ఎన్. కేసరి గారి జీవితం మనకు ఆదర్శం.

కేసరి గారి అసలు పేరు కోట నరసింహం. ఆయన 1875లో ఒంగోలు తాలూకా ఇనమనమెళ్లూరులో ఒక పేద కుటుంబంలో జన్మించారు. అప్పట్లో ఒంగోలు తాలూకా మన నెల్లూరు జిల్లాలోనే ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిసింది. ఆయన బాల్యంలోనే మద్రాసు చేరి, ఇతరుల సాయంతో చదువుకున్నారు. ఆయుర్వేద వైద్యం నేర్చి, 1900లో కేసరి కుటీరం అనే మందుల సంస్థను స్థాపించారు. స్త్రీల కోసం తయారుచేసిన లోధ్ర అనే మందు తెలుగునాట ఎంతో పేరు పొందింది.

మందు తయారు చేయడం ఒక ఎత్తు, దానిని అమ్మడం ఒక ఎత్తు. ఆ రోజుల్లో ఆడవాళ్లు తమ బాధలు బయటికి చెప్పుకోవడానికి సిగ్గుపడేవారు. వైద్యుని దగ్గరకు వెళ్లేవారు తక్కువ. అంగడికి రాని మనిషికి సరుకు గురించి చెప్పేదెలా?

కేసరి గారు 1928లో గృహలక్ష్మి అనే మాసపత్రిక ప్రారంభించారు. అందులో కథలు, గేయాలు, వ్యాసాలు వచ్చేవి. ఆడవాళ్లే ఎందరో రాసేవారు. కనుపర్తి వరలక్ష్మమ్మ గారి శారద లేఖలు వెలువడింది ఇందులోనే. శారద అనే ఆమె తన స్నేహితురాలు కల్పలతకు రాసే జాబుల రూపంలో, ఆనాటి స్త్రీల సమస్యలను ఇంట్లో మనిషి కబుర్లు చెప్పినంత చనువుగా చర్చించేవారు. ఆ పత్రికలోనే కేసరి కుటీరం మందుల ప్రకటనలూ ఉండేవి. కథ చదివే చేతికే మందు పేరు కూడా అందేది. తమ మాట వినే పత్రిక అన్న నమ్మకం ముందు కలిగింది, దాని వెంట వ్యాపారం నడిచింది.

ఆయన రచయిత్రులను వాడుకుని వదిలేయలేదు. గృహలక్ష్మి స్వర్ణకంకణం పేరుతో వారిని సత్కరించారు. 1934లో మొదటి కంకణం వరలక్ష్మమ్మ గారికే దక్కింది. సంపాదించిన ధనంతో మద్రాసులో తెలుగు పిల్లల చదువుకు సాయం చేశారు. కేసరి పేరుతో అక్కడ పాఠశాల వెలిసింది. తన పేదరికాన్ని దాచుకోకుండా నా చిన్ననాటి ముచ్చట్లు అనే పుస్తకం రాశారు. 1953లో కన్నుమూశారు.

సోదర విద్యార్థులారా! రేపు మనలో ఒకరు ఉదయగిరిలో చిన్న అంగడి పెట్టవచ్చు, ఇంకొకరు ఆత్మకూరులో మందుల షాపు నడపవచ్చు. చేతిలో పెట్టుబడి తక్కువని, మాట్లాడటం రాదని వెనుకాడవద్దు. ఎదుటివారి కష్టం ముందు వినాలి, వారికి అర్థమయ్యే మాటల్లో నిజం చెప్పాలి. అబద్ధపు కథతో సరుకు ఒకసారి అమ్మవచ్చు, రెండోసారి ఆ మనిషి మన గడప తొక్కడు. పైకి వచ్చాక, మనలాగే రేకు పెట్టెతో వచ్చే పిల్లవాణ్ణి మరువకూడదు. కేసరి గారికి మనం ఇచ్చే నివాళి అదే.