36 గంటల్లో మంచుకొండలు దాటాడు.. అందరినీ బతికించుకున్నాడు! ఎవరీ షాకిల్టన్?

మహబూబ్‌నగర్ నుంచి షాద్‌నగర్ దాదాపు 50 కిలోమీటర్లు. బస్సెక్కితే గంటో గంటన్నరో. ఇంచుమించు అంతే దూరం నడవడానికి ఎర్నెస్ట్ షాకిల్టన్‌కి 36 గంటలు పట్టింది. ఎందుకంటే ఆయన దాటింది దక్షిణ అట్లాంటిక్‌లోని సౌత్ జార్జియా దీవి మంచుకొండల్ని. ఆ దీవిలో ఎత్తైన మౌంట్ పాజెట్ 2,900 మీటర్ల పైమాటే!

షాకిల్టన్ 1874లో ఐర్లాండ్‌లో పుట్టాడు. 1909లో దక్షిణ ధ్రువానికి 180 కిలోమీటర్ల దూరం దాకా వెళ్లి, తిండి సరిపోదని వెనక్కి తిరిగాడు. పేరు కంటే మనుషుల ప్రాణాలే ముఖ్యం అనుకున్నాడు.

1914లో అంటార్కిటికాను కాలినడకన దాటాలని ఎండ్యూరెన్స్ ఓడలో బయల్దేరాడు. ఓడలో మొత్తం 28 మంది. 1915లో ఓడ మంచులో ఇరుక్కుని మునిగిపోయింది. నెలల తరబడి మంచుగడ్డల మీదే బతికి, చివరికి పడవల్లో ఎలిఫెంట్ దీవికి చేరారు. అక్కడికి ఏ ఓడా రాదు. దీంతో 22 మందిని అక్కడే ఉంచి, ఐదుగురితో చిన్న పడవలో దాదాపు 1,300 కిలోమీటర్లు సముద్రం మీద వెళ్లాడు. 1916 మే 10న సౌత్ జార్జియాలో దిగాడు.

కానీ అసలు చిక్కు అక్కడే! తిమింగలాల వేటగాళ్ల స్థావరం దీవికి అవతలి వైపు ఉంది. మధ్యలో ఎవరూ మ్యాప్ గీయని కొండలు. వర్స్‌లీ, క్రీన్‌లను తీసుకుని మే 19 తెల్లవారుజామున బయల్దేరాడు. దగ్గర ఉన్నవి 15 మీటర్ల తాడు, వడ్రంగి బాడిస. మంచులో జారకుండా బూట్లకు పడవ స్క్రూలు బిగించుకున్నారు. చీకటి పడుతుంటే తాడు చుట్టమీద కూర్చుని ముగ్గురూ ఏటవాలుగా కిందికి జారిపోయారు. అలసిపోయిన ఇద్దర్నీ ఐదు నిమిషాలే పడుకోనిచ్చి, అరగంట అయిందని చెప్పి లేపాడు. ఇంకాసేపు పడుకుంటే ఆ చలికి మళ్లీ లేవరని ఆయన భయం.

మే 20న స్ట్రామ్‌నెస్ చేరారు. దీవి అవతల ఆగిపోయిన ముగ్గురినీ ముందు తెప్పించాడు. మిగతా 22 మంది కోసం మూడుసార్లు వెళ్లినా మంచు అడ్డొచ్చింది. నాలుగోసారి, ఆగస్టు 30న, చిలీ ఓడ యెల్చోలో వెళ్లి అందరినీ ప్రాణాలతో తెచ్చాడు.

1922 జనవరి 5న, 47 ఏళ్ల వయసులో, అదే దీవి దగ్గర గుండెపోటుతో చనిపోయాడు. భార్య కోరిక మేరకు అక్కడే సమాధి చేశారు. అనుకున్నట్టు అంటార్కిటికాను దాటలేకపోయాడు. కానీ ఓడలో తనతో వచ్చిన ఒక్కరినీ పోగొట్టుకోలేదు.