చీమలను పెంచిన గురువు

సోమరిని చీమల వద్దకు వెళ్ళమని సామెతల గ్రంథం చెబుతుంది. ఈ మాటను మన ప్రసంగాలలో ఎన్నోసార్లు వాడుకున్నాం గాని, నిజంగా వెళ్ళి చీమల ముందు కూర్చున్నవారు ఎందరు? యేసుసభ గురువు ఫాదర్ ఎరిక్ వాస్మన్ నలభై ఏళ్ళకు పైగా కూర్చున్నారు.

ఆయన 1859లో టిరోల్ ప్రాంతంలోని మెరాన్‌లో జన్మించారు. తండ్రి చిత్రకారుడు, ప్రొటెస్టెంటు కుటుంబంలో పుట్టి కతోలిక విశ్వాసం స్వీకరించినవాడు. 1875లో ఎరిక్ యేసుసభలో చేరారు. అప్పటికే జర్మనీలో బిస్మార్క్ ప్రభుత్వం ఆ సభను నిషేధించి ఉన్నందున, హాలెండులోని ఎక్సాటెన్ మఠానికి వెళ్ళారు. ఊపిరితిత్తుల జబ్బు ఆయనను చాలాకాలం బాధించింది. 1888లో గురుపట్టం పొందారు.

ఎక్సాటెన్ చుట్టుపక్కల నాలుగు వందలకు పైగా చీమల పుట్టలను పరిశీలించి లెక్క రాసుకున్నారు. అంతటితో ఆగక చీమలను తెచ్చి పెంచారు. ఇంగ్లండులో సర్ జాన్ లబ్బక్ వాడిన పద్ధతి ఇందుకు పనికివచ్చింది. రెండు గాజు పలకల మధ్య పలచని మట్టిపొర ఉంచుతారు. అందులో చీమలు దారులు తవ్వుకోగలవు గాని చూపుకు అందకుండా దాక్కోలేవు. మట్టి తడి ఆరకూడదు. పైన కప్పిన గుడ్డ తీస్తే రాణి, గుడ్లు, పిల్లపురుగులు, పనిచీమలు, లోపలి సంసారమంతా కనిపిస్తుంది.

ఆ సంసారంలో ఒక అతిథిని ఆయన ప్రత్యేకంగా గమనించారు. దాని పేరు లోమెకూసా, చిన్న పెంకుపురుగు. దాని ఒంటిమీది వెంట్రుకల కుచ్చుల నుండి ఊరే ద్రవం చీమలకు మహా ఇష్టం. దానికోసం ఆ పురుగుకు నోటితో మేత పెడతాయి, దాని పిల్లలనూ సాకుతాయి. ఆ పిల్లలేమో చీమల గుడ్లనూ పిల్లలనూ తింటాయి! మన ఇళ్ళలోకి మనమే పిలిచి కూర్చోబెట్టుకున్న అతిథులు గుర్తుకు రాలేదూ? అయితే చీమలు తమ పిల్లల గూళ్ళను మట్టిలోంచి బయటికి తీసినట్టే ఈ పురుగు పిల్లలనూ తవ్వితీస్తాయి. ఆ సేవకే అవి చాలావరకు చచ్చిపోతాయి. చీమలు మరచిపోయినవే బతుకుతాయి. ఇది తెలివి కాదు, సహజ ప్రవృత్తి అని వాస్మన్ వాదించారు. చీమలే ఎంపికచేసి ఇటువంటి అతిథులను తయారు చేసుకున్నాయన్న ఆయన సిద్ధాంతం మాత్రం తర్వాత నిలబడలేదు.

ఈ అతిథులను పరిశీలించే, జీవజాతులు కాలక్రమంలో మారుతాయని ఆయన ఒప్పుకున్నారు. మానవాత్మ మాత్రం నేరుగా దేవుని సృష్టి అన్నారు. ఒకవైపు హెకెల్ అనుచరులు, యేసుసభ గురువుకు శాస్త్రమేమిటని ఎద్దేవా చేశారు. మరోవైపు కొందరు కతోలికులు, ఈయన మరీ ఒప్పేసుకుంటున్నాడని అనుమానించారు. 1907 ఫిబ్రవరిలో బెర్లిన్‌లో మూడు ఉపన్యాసాలిచ్చి, ఆపై ఒకే సాయంత్రం పదకొండుమంది ప్రత్యర్థులను ఎదుర్కొన్నారు. ఆ సభకు దాదాపు రెండువేలమంది వచ్చారు. ఎవరు గెలిచారన్నది రెండు పక్షాలూ తమకు తోచినట్లు రాసుకున్నాయి. నాకు మాత్రం, ఆయన ఆ సభకు వెళ్ళడమే పెద్ద విషయంగా తోస్తుంది.

మన దేశంతోనూ ఆయనకు సంబంధం ఉంది. బొంబాయి సెయింట్ జేవియర్స్ కళాశాలలో పనిచేసిన ఫాదర్ అస్ముత్ ఇక్కడి చెదపుట్టల్లో దొరికిన పురుగులను ఆయనకు పంపేవారు. వాటిలో ఒకదానికి వాస్మన్ ఆ మిత్రుని పేరే పెట్టారు.

1911 నుండి హాలెండులోని వాల్కెన్‌బర్గ్ మఠంలో ఉంటూ, 1931 ఫిబ్రవరి 27న అక్కడే కన్నుమూశారు. ఆయన సేకరించిన చీమలు, వాటి అతిథులు మాస్ట్రిక్ట్ నగరంలోని ప్రకృతి చరిత్ర ప్రదర్శనశాలకు చేరాయి.