డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. బాల్యమున వారిని మేధావియని ఎన్నినవారు లేరు. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు మద్రాసు హిందూ హైస్కూలునుండి ఉత్తీర్ణులైరి. మద్రాసు వైద్యకళాశాలలో చదువుచు, గాంధీమహాత్ముని పిలుపు నందుకొని శస్త్రచికిత్సాశాలలో ఖద్దరు ధరించినందున ఆచార్యుని ఆగ్రహమునకు గురియైరి. ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టముతోనే తృప్తిపడవలసివచ్చెను. సోదరులిరువురు స్ప్రూ అను గ్రహణివ్యాధిచే కొలదిదినముల తేడాతో మరణించుట వారి హృదయమును కలచివైచెను.

1922లో, అర్ధాంగి శేషగిరిగారిని స్వదేశమున విడిచి బోస్టను చేరిరి. ఆసుపత్రిలో రాత్రివేళ చిన్నపనులు చేయుచు హార్వర్డులో చదివిరి. ఆచార్య ఫిస్క్‌తో కలసి, శరీరద్రవములలోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో కణములకు శక్తినిచ్చు ఏ.టి.పి.ని కనుగొనిరి. ఏ.టి.పి.ని అదే యేట జర్మనీలో లోమన్ కూడ స్వతంత్రముగా కనుగొనెను.

నేటి పెట్ స్కాన్ ఈ ఏ.టి.పి. పైననే ఆధారపడియున్నది. రేడియోధార్మిక ఫ్లోరిన్ చేర్చిన చక్కెరను రోగి రక్తమున ఎక్కింతురు. ఆకలిగొన్న క్యాన్సరు కణము దానిని లోనికి గుంజుకొనును. అంతట ఏ.టి.పి. నుండి ఒక ఫాస్ఫేటు వచ్చి ఆ చక్కెర కంటుకొనగా, అది వెలికి పోజాలక కణముననే చిక్కి యంత్రమునకు వెలుగువలె కన్పట్టును. దీనిని మానవులపై తొలుత 1976లో అమెరికాలో ప్రయోగించిరి. అయితే కాలేయ క్యాన్సరు కణములు కొన్ని ఆ ఫాస్ఫేటును మరల ఊడదీయగలవు. అప్పుడు చక్కెర జారిపోవును, గడ్డ దాగియుండును. కావుననే వైద్యులు ఈ యొక్క స్కాన్‌నే నమ్మక సి.టి., ఎం.ఆర్.ఐ. పరీక్షలనుకూడ చేయింతురు.

హార్వర్డున స్థిరోద్యోగము లభింపక, సుబ్బారావుగారు 1940లో లెడర్లీ సంస్థలో చేరిరి. వారి నాయకత్వమున, కాలేయమునుండి తీసిన ఫోలిక్ ఆమ్లమును 1945 నాటికి కృత్రిమముగా తయారుచేసిరి. సోదరులను హరించిన స్ప్రూకు అది మందైనది. దానికి ప్రతిగా పనిచేయు అమినోప్టెరిన్‌తో డాక్టరు ఫార్బర్ 1948లో రక్తక్యాన్సరు బాలలకు తాత్కాలికముగానైన ఊరట కల్గించెను. బోదవ్యాధికి మందైన హెట్రజాన్ కూడ ఆ ప్రయోగశాలలోనిదే.

1948 ఆగస్టులో, 53వ యేట, వారు న్యూయార్కులో మరణించిరి. స్వదేశమును మరల చూడలేదు. శేషగిరిగారి నిరీక్షణ ఫలింపలేదు. 1995లో భారత తపాలాశాఖ వారి పేర బిళ్ళను వెలువరించెను.

ఉసూరునుండి పెట్ స్కాన్‌కు పెద్ద నగరమునకు పోవలసినదే. కాని కామెర్లు కల్గించు హెపటైటిస్-బి వంటి రోగము దీర్ఘకాలముగా నున్నవారు వైద్యుని సలహాపై ఆరునెలల కొకమారు అల్ట్రాసౌండు పరీక్ష చేయించుకొనవచ్చును. వ్యాధి ముదురకమునుపే దానిని పట్టుకొనుటకు అదియే సులభమార్గము.