కిల్వా రేవులో ఇబ్న్ బతూతా

హిజ్రీ 703 రజబ్ నెల 17న, అంటే 1304 ఫిబ్రవరి 24న, మొరాకో దేశంలోని తంజా పట్టణంలో ఖాజీల వంశంలో ఒక మగబిడ్డ పుట్టాడు. పేరు ముహమ్మద్. తర్వాతి కాలంలో లోకమంతా ఆయన్ని ఇబ్న్ బతూతా అని పిలిచింది. ఇరవై ఒక్కేళ్ళ వయసులో, 1325 జూన్ నెలలో, తల్లిదండ్రులను వదిలి ఒంటరిగా హజ్ యాత్రకు బయలుదేరారు. వెంట తోడు లేదు, బిడారు లేదు. హజ్ పూర్తి చేసుకుని ఇంటికి మళ్ళవలసిన మనిషి మళ్ళీ సొంత ఊరి గడప చూసేసరికి ఇరవై నాలుగేళ్ళు గడిచాయి.

ఆయన ఢిల్లీ కొలువు, చైనా ప్రయాణం గురించి చాలామంది రాశారు. ఆఫ్రికా తూర్పు తీరానికి వెళ్ళిన సంగతి మనలో చాలామందికి తెలియదు. మక్కాలో కొంతకాలం చదువుకున్నాక, 1331 ప్రాంతంలో ఆయన యమన్ చేరి ఏడెన్ రేవులో ఓడ ఎక్కారు. ఆ రోజుల్లో ఓడల రాకపోకలు గాలుల చేతిలో ఉండేవి. చలికాలంలో ఈశాన్యం నుంచి వీచే గాలి అరబ్బు ఓడలను ఆఫ్రికా వైపు తీసుకుపోతుంది. వానాకాలం ముందు గాలి తిరుగుతుంది, ఓడలూ తిరుగుతాయి. మనకు మృగశిర కార్తెలో చినుకులు తెచ్చే నైరుతి గాలి కూడా అదే. ఆ తీరంలోని జనాన్ని, భాషను స్వాహిలీ అంటారు. ఉర్దూ వచ్చినవారికి సాహిల్ అంటే తీరం అని వేరే చెప్పనక్కరలేదు.

మొదటి మజిలీ జైలా. చేపల కంపు, వీధుల్లో కోసిన ఒంటెల రక్తం చూసి ఆయన ఊళ్ళో పడుకోలేక, సముద్రం పోటు మీదున్నా ఓడలోనే రాత్రి గడిపారు. అక్కడినుంచి పదిహేను రాత్రుల ప్రయాణం తర్వాత మొగదిషు. ఆ ఊళ్ళో ఒక మంచి ఆచారం ఉండేది. ఓడ రేవులోకి రాగానే యువకులు చిన్న పడవల్లో, మూత పెట్టిన భోజన పళ్ళేలతో ఎదురు వచ్చేవారు. ఒక్కొక్కరు ఒక్కొక్క వర్తకుడికి పళ్ళెం అందించి ఈయన నా అతిథి అని ప్రకటించేవారు. ఇబ్న్ బతూతా వర్తకుడు కాదు, ధర్మశాస్త్రం చదివినవారు అని తెలియగానే ఈజిప్టు మూలాలున్న ఆ ఊరి ఖాజీ స్వయంగా వచ్చి ఆయన్ని పాలకుడైన షేఖ్ దగ్గరకు తీసుకువెళ్ళారు. అక్కడ తమలపాకులు, వక్కలు, డమాస్కస్ పన్నీరు ఇచ్చి మర్యాద చేశారు. ఇంటికి వచ్చినవారికి తాంబూలం ఇచ్చే మనకు ఇదేమీ వింతగా ఉండదు.

ఇక భోజనం సంగతి. నెయ్యి వేసి వండిన అన్నం పెద్ద కొయ్య పళ్ళెంలో వడ్డించేవారు. దానిమీద కోడి, మాంసం, చేపలు, కూరలు. పాలల్లో ఉడికించిన పచ్చి అరటికాయ. పెరుగు, అందులోకి ఊరబెట్టిన నిమ్మకాయ, మిరియాలు, పచ్చి అల్లం, మామిడి. ముద్ద అన్నం తిన్నాక ఊరగాయ నంజుకునేవారట. ఒక్కరు తినేది మరో ఊళ్ళో ఒక గుంపుకు సరిపోతుందని ఆయన ఆశ్చర్యపోయారు. మూడు రోజులు అలాగే మూడు పూటలా భోజనం వచ్చింది. నాలుగో రోజు శుక్రవారం. వాళ్ళకు షరాయి అలవాటు లేదు గనుక నడుముకు కట్టుకునే పట్టు లుంగీ, ఈజిప్టు నూలు అంగీ, పైన కప్పుకునే జెరూసలేం అంగరఖా, తలపాగా తెచ్చి ఇచ్చారు. ఆ దుస్తులతోనే జుమా నమాజుకు వెళ్ళారు. నమాజు తర్వాత షేఖ్ ఇంటికి నడిచి వెళుతుంటే ఆయన తలపైన నాలుగు రంగురంగుల పట్టు గొడుగులు పట్టారు. ప్రతి గొడుగు కొన మీద బంగారు పక్షి.

మొగదిషు నుంచి మొంబాసా. అక్కడ ఆయన గడిపింది ఒక్క రాత్రే. అయినా ఆ దీవి గురించి చెప్పిన నాలుగు మాటలు నాకు మిగతావాటికన్నా ఎక్కువ నచ్చుతాయి. ధాన్యం పండదు, బయటినుంచి తెచ్చుకుంటారు. అరటిపండ్లు, చేపలే ముఖ్యమైన తిండి. ఆలివ్ కాయలా ఉండి, లోపల గింజ ఉన్న తియ్యని పండు ఒకటి ఉందన్నారు. దాని పేరు జమ్మూన్ అని రాయించారు. మన నేరేడు పండే! మస్జిదులు కొయ్యతో ఎంతో గట్టిగా కట్టినవి. ప్రతి మస్జిదు గుమ్మం ముందు ఒకటి రెండు బావులు. లోతు మూర, రెండు మూరలే. మూరెడు సన్నటి కర్రకు తగిలించిన కొయ్య గిన్నెతో నీళ్ళు తోడుకోవచ్చు. జనం చెప్పులు లేకుండా నడుస్తారు. అందుకని లోపలికి వెళ్ళే ప్రతివారూ అక్కడ కాళ్ళు కడుక్కుని, గుమ్మం దగ్గర పరచిన ముతక చాప మీద తుడుచుకుని అడుగుపెడతారు. మహళ్ళనూ దర్బారులనూ చూసిన మనిషి ఇరవై నాలుగేళ్ళ తర్వాత కాళ్ళు తుడుచుకునే చాపను గుర్తు పెట్టుకున్నారు.

తర్వాత కిల్వా. ఇది ఈనాటి టాంజానియా తీరంలో ఉన్న దీవి. దక్షిణాన ఉన్న సొఫాలా రేవు బంగారమంతా ఈ ఊరి వర్తకుల చేతుల మీదుగా అరేబియాకు, మన దేశానికి వెళ్ళేది. ప్రపంచంలోని అందమైన నగరాల్లో ఇది ఒకటి అని ఆయన అభిప్రాయం. జనం ఎక్కువమంది నల్లజాతివారు, ముస్లిములు, ధర్మనిష్ఠ గలవారు. ఊరంతా కొయ్య ఇళ్ళే అని ఆయన చెప్పినట్లు గ్రంథంలో ఉంది. తవ్వకాల్లో మాత్రం సముద్రపు పగడపు రాయితో కట్టిన జామె మస్జిదు, వందకు పైగా గదులున్న హుసూనీ కుబ్వా మహలు బయటపడ్డాయి. ఎన్నో ఏళ్ళ తర్వాత జ్ఞాపకం మీద చెప్పించిన పుస్తకం గనుక ఇలాంటి తేడాలు కొన్నిచోట్ల కనిపిస్తాయి.

అప్పటి సుల్తాను హసన్ బిన్ సులైమాన్. చేతికి ఎముక లేని మనిషి కావడంతో జనం ఆయన్ని అబుల్ మవాహిబ్, అంటే దానాల తండ్రి, అని పిలిచేవారు. ఫకీర్లతో కలిసి కూర్చుని తినేవారు. ఒక శుక్రవారం నమాజు ముగించుకుని ఇంటికి పోతుంటే యమన్ దేశపు ఫకీరు ఒకడు దారిలో నిలబెట్టి, ఒంటిమీదున్న బట్టలు ఇమ్మని అడిగాడు. సుల్తాను వెంటనే వెనక్కి మళ్ళి, ఖతీబు ఇంట్లోకి వెళ్ళి వేరే బట్టలు వేసుకుని, విప్పిన బట్టలు ఇచ్చేశారు. ఫకీరు వాటిని మూటకట్టి నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఊరంతా మెచ్చుకుంది. యువరాజు ఆ బట్టలు తిరిగి తీసుకుని, బదులుగా పదిమంది బానిసలను ఇచ్చాడు. జనం మెప్పు విన్న సుల్తాను మరో పదిమంది బానిసలను, రెండు మోపుల ఏనుగు దంతాలను ఇప్పించారు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. ఒంటిమీది బట్టలు విప్పి ఇచ్చిన చేయి గొప్పదే. కానీ ఆ ఇరవైమంది ఎవరు? ఆ సుల్తానే తీరం లోపలి జంజ్ ప్రాంతాల మీద దండెత్తి సొమ్మును తెచ్చేవారని, అందులో ఐదో వంతు ఖుర్ఆన్ చెప్పిన ప్రకారం పంచేవారని ఇబ్న్ బతూతాయే చెప్పారు. బానిసకు విముక్తి ఇవ్వడం ఎంత పుణ్యమో ఖాజీ చదువు చదివిన ఆయనకు తెలియనిది కాదు. అయినా బట్టల మూటకు బదులుగా మనుషులను లెక్కపెట్టి ఇచ్చినప్పుడు ఆయన కలం ఆగలేదు. ఆయన స్వయంగా కూడా బానిసలను కొన్నవారే. ఆ కాలంలో అందరూ అలాగే ఉన్నారని సరిపెట్టుకోవచ్చు. నాకు మాత్రం ఆ కథలో ఫకీరు కన్నా, పేరైనా మిగలని ఆ ఇరవైమంది ఎక్కువ గుర్తుంటారు.

హసన్ చనిపోయాక తమ్ముడు దావూద్ గద్దెనెక్కాడు. ఎవరైనా చేయి చాస్తే, ఇచ్చేవాడు పోయాడు, ఏమీ మిగిల్చి పోలేదు అనేవాడట. క్రమంగా ఆ గుమ్మం తొక్కేవారే లేకుండా పోయారు.

కిల్వా నుంచి గాలి తిరిగాక ఇబ్న్ బతూతా అరేబియాకు మళ్ళి, 1333 సెప్టెంబరులో సింధు నది చేరారు. ముహమ్మద్ బిన్ తుగ్లక్ ఆయన్ని ఢిల్లీ ఖాజీగా నియమించాడు. ఖమ్మం నుంచి తిరుమలాయపాలెం మీదుగా వరంగల్ వెళ్ళేవారికి ఈ సుల్తాను పరాయివాడు కాడు. 1323లో, యువరాజుగా ఉన్నప్పుడు, ఓరుగల్లును పట్టుకుని ప్రతాపరుద్రుణ్ణి బందీ చేసింది అతనే. తర్వాత మధురలో తిరుగుబాటు అణచడానికి బయలుదేరి తిలంగ్ దేశం చేరేసరికి సేనలో మహమ్మారి పుట్టింది, ఎక్కువమంది చనిపోయారు, సుల్తాను వెనుదిరిగాడు. మన తెలంగాణ గురించి ఆ గ్రంథంలో ఉన్న ముఖ్యమైన వార్త ఇది. ఢిల్లీలో సుల్తాను దానాలూ చూశారు, దండనలూ చూశారు. సుల్తానుకు కోపం తెప్పించిన ఒక షేఖ్‌ను కలిసి వచ్చినందుకు తనమీదే కాపలా పెడితే, రోజుల తరబడి ఉపవాసాలుండి దువాలు చేసి బయటపడ్డారు.

1342లో రాయబారిగా చైనాకు బయలుదేరడం, కాలికట్ దగ్గర ఓడలు మునగడం, మాల్దీవుల్లో ఖాజీ పని, చైనా, ఇదంతా వేరే కథ. 1349లో మొరాకో చేరేసరికి తండ్రి పోయి పదిహేనేళ్ళయింది. తల్లి కొద్ది నెలల ముందే ప్లేగులో కన్నుమూసింది. సుల్తాను అబూ ఇనాన్ ఆజ్ఞ మీద ఇబ్న్ జుజయ్ అనే లేఖకుడికి ప్రయాణాలన్నీ చెప్పి రాయించారు. 1355 డిసెంబరులో గ్రంథం ముగిసింది. తర్వాత మొరాకోలోనే ఒక ఊరికి ఖాజీగా ఉండి 1368 ప్రాంతంలో మరణించారు.

1505లో పోర్చుగీసు నౌకాదళం కిల్వాను దోచింది, వెంటనే మొంబాసాను తగలబెట్టింది. కిల్వా శిథిలాలను 1981లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. హసన్ బిన్ సులైమాన్ పేరున్న నాణెం ఒకటి సముద్రానికి ఎంతో దూరాన, గ్రేట్ జింబాబ్వే శిథిలాల్లో దొరికింది.